గడి కూడా అమానతే: స్ప్రెడ్‌షీట్‌లో లెక్క రాసే పాఠం



ఒక ఏడాది రంజాన్ నెలాఖరున మా సంస్థలో జరిగిన ఒక పొరపాటుతో ఈ పాఠం మొదలుపెడతాం. మనిషికి 500 రూపాయల చొప్పున పండుగ సాయం పంచాలని అనుకుని, నలభై ఇళ్ల జాబితా కంప్యూటర్‌లో తయారుచేశాం. మొత్తం 187 మంది, 93,500 రూపాయలు. ఆ మొత్తం ఎప్పుడూ కళ్లెదుట ఉండాలని జాబితాకు పైనే ఒక గడిలో పెట్టుకున్నాం. తర్వాత వారంలో ఇంకో నాలుగు ఇళ్ల సంగతి తెలిసింది. వాళ్ల వివరాలు జాబితా చివర చేర్చాం. ఒక్కో ఇంటికి ఎంత ఇవ్వాలో ఆ గడుల్లో సరిగ్గానే వచ్చింది. పైనున్న మొత్తం మాత్రం మారలేదు. మేమెవరం దాన్ని చూడలేదు.

బ్యాంకు నుంచి 93,500 తెచ్చాం. పండుగ ముందు రాత్రి కూర్చుని కవర్లు నింపుతుంటే నలభయ్యో కవరుతో డబ్బు అయిపోయింది. ఇంకా నాలుగు కవర్లు ఖాళీగా ఉన్నాయి. 18 మందికి చెందిన 9,000 రూపాయలు లేవు. అప్పటికప్పుడు తలా కొంత వేసుకుని, ఇషా నమాజు తర్వాత మూడు ఇళ్లకు అందజేశాం. నాలుగో ఇంటికి తాళం వేసి ఉంది. ఎదురుచూసి, ఇక రాదనుకుని, ఆ తల్లి పిల్లలను తీసుకుని ముత్తుకూరులో పుట్టింటికి వెళ్లిపోయింది. పండుగ అయిన మూడో రోజు కవరు చేతికిస్తే, "నా పేరు కొట్టేశారేమో అనుకున్నా భాయ్" అన్నది.

ఇందులో ఎవరూ ఒక్క రూపాయి తినలేదు. ఎవరి పేరూ ఎవరూ కొట్టేయలేదు. కంప్యూటర్ కూడా తప్పు చేయలేదు. మేము ఏం కూడమన్నామో అదే కూడింది. ఒక గడిలో 48 అని ఉండవలసిన చోట 44 అని ఉంది, అంతే. ఆ చిన్న తేడా ఒక పేదరాలి పండుగను తినేసింది. ఇచ్చినవాళ్ల సొమ్ము మన చేతిలో అమానత్ అయినప్పుడు, ఆ సొమ్ము లెక్క ఉన్న గడి కూడా అమానతే కదా. అప్పు వ్యవహారాలను రాతలో పెట్టుకోవాలని, రాసేవాడు న్యాయంగా రాయాలని అల్ బఖరా సూరా 282వ ఆయతు ఆదేశిస్తోంది. కాగితం మీద రాసినా, కంప్యూటర్‌లో రాసినా ఆ బాధ్యత ఒక్కటే.

అందుకే ఈ సంచికలో స్ప్రెడ్‌షీట్ గడి గురించి మూడు సంగతులు నేర్చుకుందాం. గడిలో రాయడం, దిద్దడం ఒకటి. గడి పైకి ఎలా కనిపించాలో చెప్పడం రెండోది. ఒక గడి నుంచి ఇంకో గడిని పిలవడం మూడోది. మస్జిద్ లెక్కలు రాసే పెద్దలకే కాదు, మన పిల్లలకు కూడా ఇది పనికొస్తుంది. 2008లో కృష్ణపట్నం రేవు మొదలైనప్పటి నుంచి మన చుట్టుపక్కల ఊళ్ల పిల్లలు ఎంతోమంది అక్కడి యార్డుల్లో, కాటాల దగ్గర, ఏజెంట్ల ఆఫీసుల్లో, వంటనూనెల కర్మాగారాల్లో పని చేస్తున్నారు. ఆ ఉద్యోగాల్లో ఎక్సెల్ రాకుండా రోజు గడవదు. రొయ్యల గుంటలు చేసేవాళ్లు కూడా మేత లెక్క ఇప్పుడు ఫోన్‌లోనే రాస్తున్నారు.

ఒక మాట ముందే చెప్పాలి. ఈ పాఠంలో గడుల పేర్లు, ఫార్ములాలు తెలుగు అక్షరాల్లో అచ్చు వేశాం. మీరు కంప్యూటర్‌లో కొట్టేటప్పుడు ఎ, బి, సి, డి అన్నచోట ఇంగ్లీషు అక్షరాలే కొట్టాలి. సమ్, రౌండ్, కౌంటా, ఇఫ్ అనేవి కూడా ఇంగ్లీషు స్పెల్లింగుతోనే కొట్టాలి.

1. గడి, దాని చిరునామా

కాగితం మీద అడ్డగీతలు, నిలువుగీతలు గీసి లెక్క రాసుకోవడం మన పెద్దలకు తెలిసినదే. ఆ గీతల కాగితాన్నే తెర మీదికి తెస్తే, ఒక అంకె మార్చగానే మిగతా లెక్కంతా దానంతట అదే మారితే ఎలా ఉంటుందని అమెరికాలో వ్యాపార విద్య చదువుతున్న డాన్ బ్రిక్లిన్ ఆలోచించాడు. మిత్రుడు బాబ్ ఫ్రాంక్‌స్టన్‌తో కలిసి 1979లో విసిక్యాల్క్ అనే ప్రోగ్రామును బయటికి తెచ్చాడు. ఈనాటి ఎక్సెల్, గూగుల్ షీట్స్, ఉచితంగా దొరికే లిబ్రే ఆఫీస్ క్యాల్క్ అన్నీ ఆ దారిలో వచ్చినవే. పద్ధతి అన్నిటిలో దాదాపు ఒకటే.

నిలువు వరుసను కాలమ్ అంటారు. వాటికి ఎ, బి, సి అని పేర్లు. అడ్డ వరుసను రో అంటారు. వాటికి 1, 2, 3 అని అంకెలు. ఈ రెండూ కలిసే చోటు గడి, అంటే సెల్. డి కాలమ్, ఐదో రో కలిసిన గడి పేరు డి5. ఊరిలో ఇంటికి తలుపు నంబరు ఎలాగో గడికి ఇది అలాగ. ఇంటి నంబరు మారదు, ఇంట్లో మనుషులు మారుతుంటారు. లెక్కలో అంకెను కాకుండా చిరునామాను వాడితే, ఆ ఇంట్లోకి ఎవరు వచ్చినా లెక్క సరిగ్గానే ఉంటుంది. ఈ పాఠం మొత్తానికి మూలం ఈ ఒక్క మాటే.

2. గడిలో రాయడం, దిద్దడం

గడి మీద ఒకసారి నొక్కి నేరుగా కొట్టడం మొదలుపెడితే, అందులో ఉన్న పాతది పూర్తిగా పోతుంది. పాతదాన్ని ఉంచి ఒక్క అక్షరం దిద్దాలంటే గడి మీద రెండుసార్లు నొక్కాలి, లేదా ఎఫ్2 కీ నొక్కాలి. చాలా ల్యాప్‌టాపుల్లో ఎఫ్2 పని చేయాలంటే కింద ఎడమవైపు ఉండే ఎఫ్ఎన్ కీని కూడా పట్టుకోవాలి. దిద్దుతుండగా తప్పు చేశామనిపిస్తే ఎస్కేప్ నొక్కండి, ఉన్నది ఉన్నట్టే నిలుస్తుంది. ఎంటర్ కొట్టేశాక తప్పు తెలిస్తే కంట్రోల్ పట్టుకుని జెడ్ నొక్కండి, ఒక అడుగు వెనక్కి వెళ్తుంది.

దిద్దడంలో మూడు ప్రమాదాలు ఉన్నాయి.

మొదటిది, ఫార్ములా ఉన్న గడిలో అంకె కొట్టేయడం. ఎవరో వచ్చి "ఈ ఇంటికి 2,000 కాదు, 2,500 ఇవ్వండి" అంటారు. మనం ఆ గడిలోకి వెళ్లి 2,500 అని కొడతాం. అప్పటికి బాగానే ఉంటుంది. వచ్చే ఏడు రేటు మారినప్పుడు ఆ ఒక్క గడి మాత్రం మారదు, ఎందుకో కూడా ఎవరికీ గుర్తుండదు. సరైన పద్ధతి ఏమిటంటే, ఆ ఇంట్లో మనుషుల సంఖ్య తప్పుంటే దాన్ని దిద్దాలి. ప్రత్యేకంగా ఇవ్వదలిస్తే "అదనం" అని వేరే కాలమ్ పెట్టి, ఎందుకిచ్చామో పక్కన రాయాలి.

రెండోది, ఒక్క కాలమ్‌ను మాత్రమే వరుసలో పేర్చడం. పేర్లను అక్షర క్రమంలో పెట్టాలని బి కాలమ్ ఒక్కటే ఎంచుకుని సార్ట్ నొక్కితే, పక్క కాలమ్‌లను కూడా కలపాలా అని ఎక్సెల్ అడుగుతుంది. తొందరలో వద్దని నొక్కామా, పేర్లు కదిలిపోతాయి, సొమ్ములు ఉన్నచోటే ఉంటాయి. ఆరుగురున్న ఇంటి సాయం ఇద్దరున్న ఇంటికి పోతుంది. మొత్తం మాత్రం మారదు కాబట్టి కూడి చూసినా దొరకదు. సార్ట్ చేసేముందు జాబితా అంతా ఎంచుకోండి.

మూడోది, తేదీ. రసీదు తేదీ గడిలో కంట్రోల్ పట్టుకుని సెమీకోలన్ నొక్కితే ఈనాటి తేదీ పడుతుంది, అది ఇక మారదు. కొందరు దాని బదులు టుడే అనే ఫార్ములా పెడతారు. అది రోజూ మారుతుంది. జనవరిలో ఇచ్చిన చందా మార్చిలో తెరిచి చూస్తే మార్చిలో ఇచ్చినట్టు కనిపిస్తుంది.

3. కనిపించేది వేరు, ఉన్నది వేరు

గడికి రంగు వేయడం, అక్షరాలు లావు చేయడం, కామాలు, రూపాయి గుర్తు పెట్టడం, ఇదంతా ఫార్మాటింగ్. కంట్రోల్ పట్టుకుని 1 నొక్కితే దానికి సంబంధించిన పెట్టె తెరుచుకుంటుంది. ఇక్కడ గట్టిగా పట్టుకోవలసిన సూత్రం ఒకటే. ఫార్మాట్ గడికి వేసే చొక్కా మాత్రమే. చొక్కా మార్చితే మనిషి మారడు.

ఉదాహరణకు 10,000 రూపాయలను ముగ్గురు విద్యార్థులకు సమానంగా పంచాలి. ఒక్కో గడిలో 3333.33 వస్తుంది. పైసలు కనిపించకుండా ఫార్మాట్ చేస్తే 3,333 అని మూడుసార్లు కనిపిస్తుంది. కింద మొత్తం 10,000 అని కనిపిస్తుంది. కాగితం మీద ముద్రించి సభలో చదివితే ఎవరో ఒకరు లేచి, "మూడు మూడులు తొమ్మిదే కదా, ఆ రూపాయి ఏమైంది?" అని అడుగుతారు. అడగాలి కూడా. కనిపించే అంకెనే నిజం అంకెగా చేయాలంటే రౌండ్ వాడాలి: =రౌండ్(10000/3,0). అప్పుడు ఒక్కొక్కరికి 3,333, మొత్తం 9,999, మిగిలింది 1 అని నిజం బయట కనిపిస్తుంది.

శాతంతో ఇంకా పెద్ద ప్రమాదం. జకాత్ రెండున్నర శాతం. లక్షకు 2,500 రూపాయలు. గడిలో ముందు 2.5 అని కొట్టి, తర్వాత శాతం గుర్తు నొక్కితే అది 250 శాతం అవుతుంది. గుర్తు నొక్కకుండా 2.5 అనే వదిలేసి గుణిస్తే లక్షకు రెండున్నర లక్షల జకాత్ అని చూపిస్తుంది. గడిలో 2.5% అని గుర్తుతో సహా కొట్టండి. కొట్టాక తెలిసిన అంకెతో ఒకసారి సరిచూడండి.

ఇక అంకెలా కనిపించినా అంకె కానివి ఉంటాయి. బ్యాంకు ఖాతా నంబరు, ఫోన్ నంబరు, తలుపు నంబరు. వీటిని మనం ఎప్పుడూ కూడం, గుణించం. కాబట్టి ఇవి అంకెలు కావు, పేర్లలాంటివి. కంప్యూటర్‌కు ఆ సంగతి తెలియదు. సున్నాతో మొదలయ్యే ఖాతా నంబరు కొడితే ముందున్న సున్నా తీసేస్తుంది. ఎక్సెల్ ఒక అంకెలో 15 స్థానాల వరకే గుర్తుపెట్టుకుంటుంది. 16 స్థానాల ఖాతా నంబరు కొడితే చివరి అంకెను సున్నా చేసేస్తుంది. విద్యార్థి ఉపకార వేతనం వెనక్కి తిరిగి రావడానికి ఇది చాలు.

మన ఊళ్లలో తలుపు నంబర్లది ఇంకో తమాషా. ఇంటి నంబరు 4-7 అని కొట్టండి. ఎంటర్ నొక్కగానే అది జూలై 4 అయిపోతుంది. కంప్యూటర్ అమెరికా పద్ధతిలో ఉంటే ఏప్రిల్ 7 అవుతుంది. "అయ్యో" అనుకుని తర్వాత దాన్ని టెక్స్ట్‌గా మార్చితే 45842 లాంటి అంకె వస్తుంది. ఎందుకంటే ఎక్సెల్ తేదీని 1900 జనవరి 1 నుంచి లెక్కపెట్టిన రోజుల సంఖ్యగా దాచుకుంటుంది. 2025 జూలై 4 ఆ లెక్కలో 45842వ రోజు. ఇంటి నంబరు ఇక దొరకదు.

ఇది మన ఒక్కరి బాధ కాదు. మానవ జన్యువులకు పేర్లు పెట్టే అంతర్జాతీయ సంఘం 2020లో కొన్ని జన్యువుల పేర్లే మార్చవలసి వచ్చింది. మార్చ్1, సెప్ట్1 అనే పేర్లను ఎక్సెల్ మార్చి ఒకటి, సెప్టెంబరు ఒకటి అని తేదీలుగా మార్చేస్తుండేది. అందుకని వాటిని మార్చ్ఎఫ్1, సెప్టిన్1 అన్నారు. శాస్త్రవేత్తలు పేర్లు మార్చుకోగలిగారు. మనం ఇంటి నంబరు మార్చుకోలేం కదా. మనకున్న మందు సులువైనదే. ఏమీ కొట్టకముందే ఆ కాలమ్ మొత్తం ఎంచుకుని ఫార్మాట్‌లో టెక్స్ట్ అని పెట్టండి. ఒక్క గడికే అయితే ముందు పైకామా (') కొట్టి తర్వాత నంబరు కొట్టండి. ఆ కామా గడిలో కనిపించదు. కొట్టాక టెక్స్ట్ చేస్తే పోయిన సున్నా తిరిగి రాదు, ఇది మరవొద్దు.

బ్యాంకు ఐఎఫ్ఎస్‌సీ కోడు గురించి కూడా ఒక మాట. దానిలో 11 స్థానాలు ఉంటాయి. ఐదో స్థానంలో ఉండేది సున్నా, ఇంగ్లీషు ఓ అక్షరం కాదు. మా దగ్గరికి వచ్చే దరఖాస్తుల్లో ఎక్కువగా కనిపించే తప్పు ఇదే.

గడిలో ##### అని కనిపిస్తే కంగారుపడొద్దు. అది తప్పు కాదు, కాలమ్ ఇరుకై అంకె పట్టలేదని అర్థం. కాలమ్ వెడల్పు చేస్తే సరిపోతుంది. కామాలు లక్షల పద్ధతిలో, అంటే 1,02,500 అని రావాలంటే కంప్యూటర్ సెట్టింగుల్లో ప్రాంతాన్ని భారతదేశంగా పెట్టుకోవాలి. రంగుల విషయంలో మేము పాటించేది ఒకే నియమం. మనిషి చేత్తో కొట్టిన అంకెలు నీలం అక్షరాల్లో, ఫార్ములా తెచ్చిన అంకెలు నలుపులో ఉంటాయి. నల్ల గడిలో ఎవరూ చెయ్యి పెట్టకూడదు. ఇంతకు మించి రంగులు పూస్తే చూడ్డానికి బాగుంటుందేమో గానీ లెక్కకు పనికిరాదు.

4. గడిని పిలవడం

ఇప్పుడు అసలు పాఠం. మొదట చెప్పిన పండుగ సాయం జాబితానే తీసుకుందాం. నాలుగో రోలో శీర్షికలు. ఎ కాలమ్‌లో వరుస సంఖ్య, బి కాలమ్‌లో ఇంటి కోడు, సి కాలమ్‌లో మనుషులు, డి కాలమ్‌లో సొమ్ము. ఐదో రో నుంచి ఇళ్లు మొదలు. పైన కుడివైపు జి1 గడిలో మనిషికి ఇచ్చే రేటు 500. దాని కింద జి2 గడిలో ఇంటికి ఇచ్చే బియ్యం 25 కిలోలు. జి3 ఖాళీ.

ఏ ఫార్ములా అయినా = గుర్తుతో మొదలవుతుంది. డి5లో =సి5*500 అని కొట్టొచ్చు. లెక్క సరిగ్గానే వస్తుంది. కానీ వచ్చే ఏడు రేటు 600 అయితే నలభై గడుల్లోనూ 500 దిద్దాలి. ఒక్కటి మరిచిపోయినా ఒక ఇంటికి అన్యాయం. అందుకని మారే అంకెను ఒకేచోట రాసి, మిగతా అన్ని గడులూ అక్కడికే చూసేలా చేయాలి. =సి5*జి1 అని కొడదాం.

డి5లో సరిగ్గా వచ్చింది. ఇప్పుడు దాన్ని కిందికి లాగి కాపీ చేస్తే ఏమవుతుంది? గడి చిరునామాను ఎక్సెల్ మామూలుగా "ఇక్కడి నుంచి ఎంత దూరం" అన్న లెక్కలో గుర్తుపెట్టుకుంటుంది. ఒక రో కిందికి దిగితే సి5 కాస్తా సి6 అవుతుంది. అది మనకు కావలసిందే. కానీ జి1 కూడా జి2 అవుతుంది. అంటే ఐదుగురున్న ఇంటికి 5ను 25తో గుణించి 125 రూపాయలు అని చూపిస్తుంది. ఆ కింది ఇల్లు జి3ని చూస్తుంది. అక్కడేమీ లేదు కాబట్టి సున్నా వస్తుంది. సున్నా అయితే మన కంటికి దొరుకుతుంది. 125 దొరకదు. తక్కువగా కనిపించినా, ఏదో కారణం ఉండి ఉంటుందిలే అనుకుంటాం. నిజంలాగే కనిపించే తప్పు అన్నిటికన్నా చెడ్డది.

దీనికి మందు డాలర్ గుర్తు. ఇక్కడ దానికి డబ్బుతో సంబంధం లేదు. అది కదలకుండా కొట్టిన మేకు. =సి5*$జి$1 అని కొడితే కాలమ్‌కు ఒక మేకు, రోకు ఒక మేకు పడుతుంది. ఎంత దూరం కాపీ చేసినా అది జి1నే చూస్తుంది. ఫార్ములా దిద్దుతుండగా జి1 మీద కర్సర్ పెట్టి ఎఫ్4 నొక్కితే మేకులు వాటంతటవే పడతాయి. మళ్లీ మళ్లీ నొక్కితే $జి$1, జి$1, $జి1, జి1 అని మారుతూ వస్తుంది. ఫోన్‌లో రాసేవాళ్లు డాలర్ గుర్తును చేత్తో కొట్టుకోవచ్చు.

రెండు మేకుల్లో ఒక్కటే కొట్టే అవసరం ఎప్పుడొస్తుంది? సరుకుల లెక్క చూడండి. వేరే షీట్‌లో ఎ కాలమ్‌లో ఇళ్లు, బి కాలమ్‌లో మనుషులు. మొదటి రోలో బియ్యం, కందిపప్పు, నూనె అని సరుకుల పేర్లు. రెండో రోలో మనిషికి ఎంతెంతో: బియ్యం 5 కిలోలు, పప్పు 1 కిలో, నూనె అర లీటరు. మూడో రో నుంచి ఇళ్లు. సి3లో =$బి3*సి$2 అని కొట్టండి. మనుషుల సంఖ్య ఎప్పుడూ బి కాలమ్‌లోనే ఉంటుంది కాబట్టి బికి మేకు. మనిషికెంత అన్నది ఎప్పుడూ రెండో రోలోనే ఉంటుంది కాబట్టి 2కు మేకు. ఈ ఒక్క ఫార్ములాను పక్కకు, కిందికి లాగితే పట్టిక అంతా నిండుతుంది. నలుగురున్న ఇంటికి బియ్యం 20, పప్పు 4, నూనె 2. ఆరుగురున్న ఇంటికి 30, 6, 3. రొయ్యల గుంటల మేత లెక్కకూ ఇదే పద్ధతి. గుంటలు కిందికి, మేత రకాలు పక్కకు, బస్తా ధర ఒక్కచోట.

వేరే షీట్‌లోని గడిని పిలవాలంటే షీట్ పేరు, ఆశ్చర్యార్థకం, తర్వాత గడి పేరు: =జాబితా!సి5. మనుషుల సంఖ్యను రెండు షీట్లలో రెండుసార్లు కొట్టకుండా, సరుకుల షీట్‌లో ఇలా పిలుచుకుంటే ఒకచోట దిద్దినప్పుడు రెండోచోట కూడా మారుతుంది. అయితే ఫార్ములా చూస్తున్న గడినే ఎవరైనా డిలీట్ చేసేస్తే #రెఫ్! అని వస్తుంది. చిరునామాలో ఇల్లే లేదని దాని ఫిర్యాదు. వెంటనే కంట్రోల్ జెడ్ నొక్కి వెనక్కి వెళ్లండి.

5. ఎక్కడి నుంచి ఎక్కడి దాకా

ఇప్పుడు మా పొరపాటు దగ్గరికి వద్దాం. మొత్తం గడిలో ఉన్నది =సమ్(డి5:డి44). డి5 నుంచి డి44 దాకా కూడమని అర్థం. కొత్త ఇళ్లు 45 నుంచి 48 వరకు చేరాయి. కూడిక 44 దగ్గరే ఆగింది. జాబితా మధ్యలో రో చొప్పించి ఉంటే హద్దు దానంతటదే పెరిగేది. మేము చివర, హద్దుకు బయట రాశాం.

ఇలాంటి తప్పే ప్రపంచ ఆర్థికవేత్తలకూ జరిగింది. అమెరికాకు చెందిన కార్మెన్ రైన్‌హార్ట్, కెనెత్ రోగాఫ్ 2010లో ప్రభుత్వాల అప్పు, దేశాల అభివృద్ధి గురించి ఒక పత్రం రాశారు. చాలా దేశాల్లో ఖర్చులు తగ్గించాలనే వాదనకు దాన్ని ఆధారంగా చూపారు. 2013లో థామస్ హెర్న్‌డన్ అనే విద్యార్థి వాళ్ల షీట్ తెరిచి చూస్తే, సగటు గడి 30వ రో నుంచి 49వ రో వరకు చూడవలసింది 44 దగ్గర ఆగిపోయింది. ఆస్ట్రేలియా, ఆస్ట్రియా, బెల్జియం, కెనడా, డెన్మార్క్ లెక్కలోకే రాలేదు. పత్రంపై అతనికి వేరే అభ్యంతరాలూ ఉన్నాయి గానీ, ఈ గడి తప్పును మాత్రం వాళ్లిద్దరూ ఒప్పుకున్నారు.

ఇంగ్లండులో 2020లో కోవిడ్ సోకిన 15,841 మంది వివరాలు సెప్టెంబరు 25 నుంచి అక్టోబరు 2 వరకు రోజువారీ లెక్కలోకి రాలేదు. పాత రకం ఎక్సెల్ ఫైల్‌లో 65,536 రోలకు మించి పట్టవు. మిగిలినవి రాలిపోయాయి. వాళ్లతో కలిసి తిరిగినవాళ్లను వెతికి హెచ్చరించడం ఆలస్యమైంది. చివర ఉన్నవాళ్లు లెక్కలోంచి నిశ్శబ్దంగా జారిపోవడం ఎక్కడైనా ఒకేలా జరుగుతుంది.

ఆ ఏడాది తర్వాత మేము మూడు పనులు నియమంగా పెట్టుకున్నాం. మొత్తం జాబితాకు పైన ఉంటుంది కాబట్టి హద్దును =సమ్(డి5:డి500) అని దూరంగా పెట్టాం. ఖాళీ గడులు కూడికను చెడగొట్టవు. రెండోది, ఇళ్లెన్నో =కౌంటా(బి5:బి500) అనే ఫార్ములాతో లెక్కించి, కాగితం మీద సంతకాలు చేసిన దరఖాస్తుల సంఖ్యతో పోల్చుతాం. కంప్యూటర్ 44 అంటే చేతిలోనూ 44 ఉండాలి. మూడోది, మొత్తాన్ని రెండో దారిలో కూడా తెస్తాం. మనుషులందరినీ కూడి రేటుతో గుణిస్తే 205 ఇంటు 500, అంటే 1,02,500. పైనున్న మొత్తం కూడా అంతే ఉండాలి. రెండు దారులూ ఒకేచోట కలిస్తేనే కోశాధికారి చెక్కు మీద సంతకం పెడతారు. ఒకరు తయారుచేసిన షీట్‌ను ఇంకొకరు చూడటం కూడా తప్పనిసరి. చూసేవాళ్లు ఎఫ్2 నొక్కితే ఆ ఫార్ములా ఏయే గడులను చూస్తోందో రంగు గీతలతో కనిపిస్తుంది. ఆ రాత్రి మాలో ఒక్కరు ఒక్కసారి ఆ కీ నొక్కి ఉంటే సరిపోయేది.

6. పరువు కూడా అమానతే

సాయం పొందే ఇళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు, ఎవరికి ఎంత అన్నది వాట్సాప్ గ్రూపుల్లో తిరగకూడదు. కాలమ్‌ను దాచిపెట్టి ఫైల్ పంపితే చాలనుకోవద్దు. హైడ్ చేసిన కాలమ్‌ను ఎవరైనా ఒక్క నొక్కుతో తెరవగలరు. పేర్లు, కోడ్లు ఒక షీట్‌లో కోశాధికారి దగ్గరే ఉంచి, పంచేవాళ్లకు కోడు, వీధి, కవరు సంఖ్య మాత్రమే వేరే ఫైల్‌గా ఇవ్వాలి. చెయ్యి చాచినవాళ్ల పరువు కాపాడటం లెక్కలో భాగమే.

7. అభ్యాసం

ఇంట్లో పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని ఈ రెండూ చేసి చూడండి. ఇందులో అంకెలు ఉదాహరణకు మాత్రమే.

ఒకటి: ఫిత్రా లెక్క. జి1లో తలకు 100 రూపాయలు. సి5, సి6, సి7లో 4, 7, 2 మంది. డి5లో ఒకే ఫార్ములా కొట్టి కిందికి లాగండి. తర్వాత జి1ని 120 చేసి చూడండి.

రెండు: జకాత్ లెక్క. బి1లో వెండి నిసాబ్ బరువు 612.36 గ్రాములు, అంటే యాభై రెండున్నర తులాలు. బి2లో ఆ రోజు గ్రాము వెండి ధర. బి3లో =బి1*బి2. బి4లో 2.5%. ఏడో రో నుంచి ఎ కాలమ్‌లో పేర్లు, బి కాలమ్‌లో ఏడాది నిలిచిన సొమ్ము. సి7లో నిసాబ్ చేరినవాళ్లకే జకాత్ వచ్చేలా ఫార్ములా రాయండి. ఎవరి సొత్తులో ఏది లెక్కకు వస్తుందన్నది మాత్రం ఆలిములను అడిగి తెలుసుకోండి, అది కంప్యూటర్ చెప్పేది కాదు.

జవాబులు. మొదటిదానికి =సి5*$జి$1. ముందు 400, 700, 200 వస్తాయి. రేటు మార్చగానే 480, 840, 240 అవుతాయి. రెండోదానికి =ఇఫ్(బి7>=$బి$3,బి7*$బి$4,0). మేకులు మరిచిపోయి కిందికి లాగితే సి8 గడి నిసాబ్‌కు బదులు బి4ను, శాతానికి బదులు ఖాళీగా ఉన్న బి5ను చూస్తుంది. జకాత్ సున్నా అని చూపిస్తుంది. ఇవ్వవలసినవాడు ఇవ్వనక్కరలేదనుకుంటాడు. అందవలసినవాళ్లకు అందదు.

ఇప్పుడు మా షీట్ తెరిస్తే ఐదో రోలో ఉన్న మొదటి ఇల్లు ఆనాడు నాలుగో కవరు అందని ఆ తల్లిదే. నియమమేమీ లేదు. జాబితా తెరిచిన ప్రతిసారీ మొదట ఆ ఇంటినే చూడాలని మేమే అలా పెట్టుకున్నాం. మన చేతికి వచ్చిన ప్రతి అమానత్‌ను సరైన చోటికి, సరైన సమయానికి చేర్చే శక్తిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.